పరాయి యుద్ధంలో మన ఓటు

ఉత్తర చెన్నైలో, కొసస్తలైయార్ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఎన్నూరు ఉంది. అందులో బర్మా నగర్ అని ఒక పేట. థర్మల్ కేంద్రాల పొగగొట్టాలు, ఎరువుల కర్మాగారం, జాలర్ల కుప్పాల మధ్య ఇరుకైన వీధులు. 2023 డిసెంబరు 26 అర్ధరాత్రి సముద్రపు గొట్టంలోంచి అమ్మోనియా లీకైనప్పుడు, పిల్లల్ని చంకనేసుకుని ఇళ్లు వదిలి పరుగెత్తిన పేటల్లో ఇదీ ఒకటి. ఈ పేట ఎలా పుట్టిందో తెలుసుకుంటే, విదేశంలో గొడవలు రేగినప్పుడు ప్రభుత్వాలు ఏం చేస్తాయన్నది సగం అర్థమవుతుంది.

1962లో జనరల్ నే విన్ బర్మాలో అధికారం చేజిక్కించుకున్నాడు. బ్యాంకులు, మిల్లులు, చివరికి వీధి దుకాణాలూ జాతీయమైపోయాయి. 1964 మే 17న 50, 100 చ్యాట్ నోట్లు రద్దయ్యాయి. తరాలుగా రంగూన్‌లో బతికిన తమిళులు, తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, బెంగాలీలు కొద్దిపాటి సామానుతో ఓడలెక్కారు. ఆ ఏళ్లలో బర్మా వదిలిన భారతీయులు దాదాపు మూడు లక్షలు. విశాఖపట్నం వైపు వచ్చినవాళ్ల జ్ఞాపకం కంచరపాలెం బర్మా క్యాంపు పేరులో ఉంది. మద్రాసు వైపు వచ్చినవాళ్లలో కొందరు వ్యాసర్పాడిలో, కొందరు ఎన్నూరులో స్థిరపడ్డారు. ఉత్తర చెన్నై బళ్ల మీద అమ్మే అత్తో వాళ్లతోపాటు ఓడ దిగిందే. చింతపులుసు, ఉల్లి, వేయించిన వెల్లుల్లి వేసి చేత్తో కలిపే నూడుల్స్, పక్కన అరటిదూట సూపు.

అప్పుడు ఢిల్లీ ఏం చేసింది? నెహ్రూ 1964 మే 27న కన్నుమూశారు. శాస్త్రి కొత్తగా పగ్గాలు చేపట్టారు. బర్మా తన దేశంలో ఆస్తులు జాతీయం చేసుకుంటే కాదనే హక్కు మనకు లేదని భారత ప్రభుత్వం భావించింది. కాబట్టి ఆ విధానాన్ని తప్పుపట్టలేదు. మనవాళ్లను గౌరవంగా పంపండి, నష్టపరిహారం సంగతి చూడండి అని అడిగింది. విదేశాంగ మంత్రి స్వరణ్ సింగ్ సెప్టెంబరులో రంగూన్ వెళ్లి మాట్లాడారు. ఓడలు పంపి మనుషుల్ని తెచ్చుకున్నారు. 1965 ఫిబ్రవరిలో నే విన్ ఢిల్లీ వస్తే మర్యాదగా ఆహ్వానించారు. ఇంత నెమ్మది ఎందుకంటే, చైనాతో యుద్ధం జరిగి అప్పటికి రెండేళ్లే. పొడవైన సరిహద్దు ఉన్న బర్మాను పెకింగ్ వైపు నెట్టడం ఢిల్లీకి ఇష్టం లేదు. ఆ లెక్కలో తప్పు పట్టడం కష్టం. కానీ దాని ఖర్చు భరించింది మాత్రం ఓడ దిగిన కుటుంబాలు. నష్టపరిహారం చాలామంది విషయంలో మాటగానే మిగిలిపోయింది.

అది యుద్ధం కాదు, ఒక సైనిక ప్రభుత్వపు నిర్ణయం. అయినా ప్రభుత్వాల తీరు అందులో పూర్తిగా కనిపిస్తుంది. ముందు తనవాళ్లు ఎంతమంది అక్కడ ఉన్నారో చూసుకుంటుంది. తర్వాత ఆ దేశంతో తన అవసరాలేమిటో చూసుకుంటుంది. ఆ రెండూ తూచాకే నోరు విప్పుతుంది. యుద్ధంపై ఒక దేశం వైఖరిని మనం మామూలుగా ఐక్యరాజ్యసమితిలో దాని ఓటును బట్టి కొలుస్తాం. ఓటు ముఖ్యమే. కానీ యుద్ధం తరిమితే మన ఒడ్డుకు చేరిన మనిషిని ఆ ప్రభుత్వం ఏం చేసిందన్నదే గట్టి కొలత అని నేను నమ్ముతాను. ఆ కొలతతో చూస్తే మన చరిత్రలో గర్వపడాల్సినవీ ఉన్నాయి, సిగ్గుపడాల్సినవీ ఉన్నాయి.

ముందు మాటల సంగతి. యుద్ధం మొదలైన కొన్ని గంటల్లోనే ప్రతి విదేశాంగ శాఖా ఒక ప్రకటన విడుదల చేస్తుంది. అది రెండు మూడు పేరాలు మించదు, కానీ ఒక్కో మాట వెనుక చాలా చర్చ ఉంటుంది. 'పరిణామాలను గమనిస్తున్నాం' అంటే ఇంకా ఏ వైపూ తేల్చుకోలేదని. 'ఆందోళన' ఒక మెట్టు పైన, 'తీవ్ర ఆందోళన' ఇంకో మెట్టు పైన. 'ఖండిస్తున్నాం' అన్నది బరువైన మాట. అంతకన్నా ముఖ్యంగా చూడాల్సింది, చేసినవాడి పేరు అందులో ఉందా లేదా అన్నది. 2022 ఫిబ్రవరిలో రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి దిగాక భారత్ చెప్పిన మాటల్లో ఐరాస ఛార్టర్ ఉంది, దేశాల సార్వభౌమత్వం, ప్రాదేశిక సమగ్రత ఉన్నాయి, చర్చలకు పిలుపు ఉంది. రష్యా పేరు పెట్టి తప్పుపట్టిన వాక్యం లేదు. ఆ ఏప్రిల్ 5న భద్రతా మండలిలో మన రాయబారి తిరుమూర్తి ఉక్రెయిన్‌లోని బుచాలో పౌరుల హత్యలను నిర్ద్వంద్వంగా ఖండించి, స్వతంత్ర దర్యాప్తును సమర్థించారు. చంపిందెవరో అప్పుడూ చెప్పలేదు. నేరాన్ని ఖండించి నేరస్థుడి పేరు ఖాళీగా వదలడం దౌత్యంలో తరచూ వాడే పద్ధతే. పెద్ద దేశాలన్నీ తమ మిత్రుల విషయంలో అదే చేస్తాయి. గాజా విషయంలో అమెరికా ప్రకటనలు చదివినవారికి ఇది కొత్త కాదు.

ఇక ఓటు. ఐరాస జనరల్ అసెంబ్లీలో పెద్ద తెరపై ప్రతి దేశం పేరు పక్కనా ఒక రంగు వెలుగుతుంది. ఆకుపచ్చ అవును, ఎరుపు కాదు, పసుపు తటస్థం. మన పత్రికలు 'ఓటింగుకు దూరంగా భారత్' అని రాసేది ఆ పసుపు గురించే. ముఖ్యమైన తీర్మానాలకు అసెంబ్లీలో మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి. తటస్థంగా ఉన్నవాళ్లను ఆ లెక్కలోకి తీసుకోరు. అంటే పసుపు మీట నొక్కిన దేశం తీర్మానాన్ని అడ్డుకోవడం లేదు, తన పేరు మాత్రం దాని కింద వేయడం లేదు. 2022 మార్చి 2న రష్యా వైదొలగాలన్న తీర్మానానికి 141 దేశాలు అవునన్నాయి, 5 కాదన్నాయి, భారత్ సహా 35 తటస్థంగా ఉన్నాయి.

భద్రతా మండలి లెక్క వేరు. 15 మందిలో 9 మంది అవుననాలి, ఐదు శాశ్వత సభ్య దేశాల్లో ఏదీ వీటో చేయకూడదు. అక్కడ తటస్థంగా ఉంటే ఒక్కోసారి కాదన్నట్టే అవుతుంది, ఎందుకంటే ఆ తొమ్మిదీ పూర్తి కాకపోవచ్చు. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్ తీర్మానానికి 11 ఓట్లు పడ్డాయి. భారత్, చైనా, యూఏఈ తటస్థంగా ఉన్నాయి. రష్యా వీటో చేసింది. కాబట్టి మన ఓటు ఎటు పడినా ఫలితం మారేది కాదు. ఇలాంటి చోట ఓటుకన్నా దాని తర్వాత చదివే వివరణ ముఖ్యం. ఓటు ఎందుకు అలా వేశామో దేశాలు అందులో రికార్డులో పెడతాయి. మిగతా రాజధానులన్నీ శ్రద్ధగా చదివేది దాన్నే.

తటస్థత అంటే ఎప్పుడూ ఒకే అర్థం ఉండదు. అదే భారత్ 2023 అక్టోబరు 27న గాజాపై తీర్మానానికి దూరంగా ఉంది. డిసెంబరు 12న కాల్పుల విరమణకు అవునంది. 2025 జూన్ 12న మళ్లీ కాల్పుల విరమణ తీర్మానం వస్తే తటస్థంగా ఉంది. మధ్యలో చనిపోయిన పిల్లల సంఖ్య పెరుగుతూనే ఉంది. ఈ మూడు ఓట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక స్థిరమైన సూత్రం నాకు కనిపించదు. 2025 జూన్‌లోని పసుపు మీట తప్పు నిర్ణయమనే నా అభిప్రాయం. ఆ రోజు 149 దేశాలు అవునన్నాయి.

ఓటు ఎందుకు తడబడుతుందో తెలియాలంటే ఎన్నూరు రేవు వైపు చూడాలి. కామరాజర్ పోర్టులోని ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ 2019లో ప్రారంభమైంది, సామర్థ్యం ఏటా 50 లక్షల టన్నులు. ఓడలో మైనస్ 160 డిగ్రీల దగ్గర ద్రవంగా వచ్చిన గ్యాస్‌ను ఇక్కడ మళ్లీ వాయువుగా మార్చి, గొట్టాల ద్వారా మనలి వైపున్న పరిశ్రమలకు, ఇంకా దూరాలకు పంపుతారు. భారత్‌కు ఎల్‌ఎన్‌జీ అమ్మే దేశాల్లో పెద్దది ఖతర్. ఖతర్ ఓడ ఏదైనా హార్ముజ్ జలసంధి దాటే రావాలి. ప్రపంచం వాడే చమురులో దాదాపు అయిదో వంతు ఆ ఇరుకు దారిలోంచే వెళ్తుంది. అవతలి ఒడ్డు ఇరాన్‌ది. మనకు రక్షణ సామగ్రి అమ్మేవాళ్లలో ఇజ్రాయెల్ ముఖ్యమైనది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ పన్నెండు రోజులు కొట్టుకున్నప్పుడు షాంఘై సహకార సంస్థ ఇజ్రాయెల్ దాడులను ఖండించింది. ఆ ప్రకటనపై చర్చల్లో తాము పాల్గొనలేదని భారత్ వేరుగా చెప్పుకుంది. అదే సమయంలో ఆపరేషన్ సింధు పేరిట ఇరాన్ నుంచి మన విద్యార్థులను తెచ్చుకుంది, ఇరాన్ సహకరించింది. ఇద్దరితోనూ తెగకుండా ఉండటమే అక్కడి పని.

తనవాళ్లను తెచ్చుకోవడంలో మాత్రం భారత్ ఎవరికీ తీసిపోదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లి ఇళ్లలో వంటచేసేవాళ్లు, డ్రైవర్లు, తాపీ మేస్త్రీలు అక్కడ చిక్కుకుపోయారు. జీతం లేదు, బ్యాంకులు మూతపడ్డాయి, పాస్‌పోర్టు యజమాని దగ్గర, యజమాని ఎటుపోయాడో తెలియదు. అప్పటి విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లారు. అక్కడ సద్దాం ఆయన్ను కౌగిలించుకున్న ఫొటో ప్రపంచమంతా అచ్చయింది. పశ్చిమ దేశాలు ముఖం చిట్లించాయి. కానీ ఆ పర్యటన వల్లే భారతీయులు ఇరాక్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరడానికి దారి తెరుచుకుంది. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 వరకు ఎయిరిండియా 488 విమానాల్లో లక్షా 11 వేలమందికి పైగా ఇంటికి తెచ్చింది. ఆ ఫొటోను విమర్శించినవాళ్లు ఈ అంకెను కూడా చూడాలి. ఆక్రమణను గట్టిగా ఖండించి ఆ మనుషుల్ని అక్కడే వదిలేసి ఉంటే దాన్ని నీతి అని ఒప్పుకోవడం నావల్ల కాదు.

ఆ యుద్ధం మన ఇంట్లోకి వేరే దారిన కూడా వచ్చింది. చమురు ధర ఎగబాకింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు పడిపోయింది, విదేశీ మారక నిల్వలు కరిగిపోయాయి. 1991 తొలి వారాల్లో చంద్రశేఖర్ ప్రభుత్వం అమెరికా సైనిక విమానాలు బొంబాయి, ఆగ్రా, మద్రాసుల్లో ఇంధనం నింపుకోవడానికి అనుమతిచ్చింది. బయటపడగానే గగ్గోలు రేగి, ఫిబ్రవరిలో ఆపేశారు. అలీనత గురించి చెప్పే దేశం, అప్పు పుట్టాల్సిన రోజుల్లో ఎంత వంగాల్సి వచ్చిందో ఆ సంఘటన చూపిస్తుంది. ఆ జూన్ 21న ప్రధాని అయిన పి.వి. నరసింహారావు నెత్తిన పడిన సంక్షోభంలో కువైట్ యుద్ధానికి పెద్ద వాటానే ఉంది.

2022లో ఆపరేషన్ గంగ కూడా అదే దారిలో నడిచింది. ఉక్రెయిన్‌లో వైద్యం చదువుతున్న వేల మందిలో తెలుగు పిల్లలు చాలామంది. నలుగురు కేంద్ర మంత్రులు హంగరీ, రొమేనియా, స్లోవేకియా, పోలండ్ సరిహద్దులకు వెళ్లి కూర్చున్నారు. మొత్తం దాదాపు 22,500 మంది తిరిగొచ్చారు. ఇటు మాస్కోతో, అటు కీవ్‌తో ఒకే రోజు ఫోన్లో మాట్లాడగల స్థితిలో ఉండటం ఆ రోజుల్లో పనికొచ్చింది. తటస్థత వల్ల లాభం ఉందా అని అడిగేవాళ్లకు, సుమీ నగరంలో మంచు కరిగించి తాగిన విద్యార్థుల తల్లిదండ్రుల జవాబు తెలుసు.

దూరపు యుద్ధంలో పని ఇంతవరకే ఉంటుంది. పొరుగింటి యుద్ధంలో ప్రభుత్వం దగ్గరున్న పనిముట్లన్నీ బయటికొస్తాయి. శ్రీలంక విషయంలో భారత్ ఒకదాని తర్వాత ఒకటిగా అన్నీ వాడింది, చాలావరకు దెబ్బతింది. మనం తీరిగ్గా చదవాల్సిన పాఠం ఇక్కడే ఉంది.

1983 జులై 23న జాఫ్నాలో తమిళ పులుల సంస్థ ఎల్‌టీటీఈ దాడిలో 13 మంది సైనికులు చనిపోయారు. మర్నాటి నుంచి కొలంబోలో తమిళుల ఇళ్లు, దుకాణాలు తగలబడ్డాయి. మృతులు ప్రభుత్వ లెక్కలో వందలు, ఇతర అంచనాల్లో వేలు. 28న ఇందిరాగాంధీ అధ్యక్షుడు జయవర్ధనేకు ఫోన్ చేశారు. ఆ రోజే విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావును కొలంబో పంపించారు. ఒక ప్రకటన ఇచ్చి ఊరుకోకుండా మంత్రి స్వయంగా వెళ్లడంలో అర్థం ఉంది. పొరుగుదేశపు మంత్రి వస్తానంటే కాదనడం కష్టం. వచ్చాక ఆయన్ను కలవకుండా ఉండలేరు. కలిస్తే, జరిగింది కేవలం మా ఇంటి వ్యవహారమన్న వాదన సగం వీగిపోయినట్టే. శ్రీలంక సమగ్రతను గౌరవిస్తాం, కానీ అక్కడి తమిళుల బాధ మా ప్రజలను కదిలిస్తోంది, కళ్లు మూసుకోలేం అన్నది ఢిల్లీ వాదన. పీవీ కొలంబోలో ఉన్న 29నే, పులులు నగరంలోకి వచ్చారన్న పుకారుతో మళ్లీ మనుషుల్ని చంపారు. అతిథిగా వచ్చిన మంత్రి కళ్లెదుటే ఊరు మండడం ఢిల్లీ మనసులో గట్టిగా నాటుకుంది.

ఆ తర్వాత రెండు దారులు ఒకేసారి నడిచాయి. పైకి జి. పార్థసారథి రాయబారంతో అధికార వికేంద్రీకరణపై చర్చలు. లోపల తమిళ సాయుధ గ్రూపులకు భారత గడ్డపై శిక్షణ. ఇది ఇప్పుడు రహస్యం కాదు. మధ్యవర్తి అయిన దేశమే ఒక పక్షానికి తుపాకి ఇస్తే రెండో పక్షం ఆ మధ్యవర్తిని నమ్మదు. తుపాకి పుచ్చుకున్నవాడు కూడా చివరిదాకా మాట వినడు. రెండూ జరిగాయి.

1987 వేసవిలో శ్రీలంక సైన్యం జాఫ్నాను చుట్టుముట్టింది. జూన్ 3న రామేశ్వరం నుంచి ఆహారం, మందులతో 19 పడవలు బయల్దేరాయి. శ్రీలంక నౌకాదళం అడ్డుకుంటే అవి తిరిగొచ్చాయి. మర్నాడు మధ్యాహ్నం ఢిల్లీలో సహాయ మంత్రి నట్వర్ సింగ్ శ్రీలంక హైకమిషనర్‌ను పిలిపించి, విమానాలు బయల్దేరుతున్నాయి, అడ్డుకుంటే బలంతో బదులిస్తాం అని చెప్పారు. అయిదు ఏఎన్-32 విమానాలు, వాటికి కాపలాగా మిరాజ్‌లు వెళ్లి జాఫ్నాపై 25 టన్నుల సామగ్రి జారవిడిచాయి. ఆకలితో ఉన్న ఒక నగరానికి 25 టన్నులు ఎంతో కాదు. ఆ మూటల్లో బియ్యం కన్నా సందేశం బరువైంది. ఆకాశం మాది కూడా అని చెప్పడం అది. అంతర్జాతీయ చట్టం ప్రకారం మరో దేశపు గగనతలాన్ని ఉల్లంఘించడమే. రష్యాకు సార్వభౌమత్వం గుర్తుచేసే రోజున మనం మర్చిపోకూడని సంగతి.

ఎనిమిది వారాల్లోపే, జులై 29న రాజీవ్‌గాంధీ, జయవర్ధనే ఒప్పందంపై సంతకాలు చేశారు. మర్నాడు కొలంబోలో గౌరవవందనం స్వీకరిస్తుంటే ఒక నావికుడు తుపాకి మడమతో రాజీవ్‌పై దాడి చేశాడు. శాంతి పరిరక్షక దళం పేరుతో వెళ్లిన మన సైన్యం కొన్ని నెలల్లోనే ఎల్‌టీటీఈతో యుద్ధంలో దిగింది. పోరాడుకుంటున్న వర్గాల్లో ఒకటి ఆ సంతకంలో భాగస్వామి కాకపోవడం ఆ ఒప్పందపు పెద్ద లోపం. పన్నెండు వందల మంది దాకా భారత సైనికులు చనిపోయారు. చివరి దళం 1990 మార్చి 24న మద్రాసు చేరినప్పుడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లలేదు. తమిళులపై కాల్పులు జరిపిన సైన్యాన్ని స్వాగతించలేనన్నది ఆయన మాట. ఢిల్లీ విదేశాంగ విధానాన్ని చెన్నై బహిరంగంగా తిరస్కరించిన రోజు అది. మరుసటి ఏడాది మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ హత్య జరిగింది. ఆ తర్వాత పదిహేనేళ్లకు పైగా ఢిల్లీ ఆ ద్వీపం విషయంలో ఒక అడుగు వెనకే ఉంది.

2008లో యుద్ధం చివరి దశకు చేరింది. అక్టోబరు 14న చెన్నైలో అఖిలపక్షం సమావేశమై, రెండు వారాల్లో కాల్పుల విరమణ సాధించకపోతే తమిళనాడు ఎంపీలు రాజీనామా చేస్తారంది. కేంద్ర ప్రభుత్వం వాళ్ల మద్దతుపై నడుస్తోంది. 26న శ్రీలంక అధ్యక్షుడి సోదరుడు బాసిల్ రాజపక్స ఢిల్లీ వచ్చారు. సహాయ సామగ్రి పంపడంపై అంగీకారం కుదిరింది, రాజీనామాలు ఆగిపోయాయి. యుద్ధం మాత్రం ఆగలేదు. 2009 మేలో ముల్లివైక్కాల్ తీరంలో పౌరులు ఇసుకలో గుంతలు తవ్వుకుని దాక్కున్నారు. వాళ్ల మీద గుండ్లు పడ్డాయి. అదే నెల 27న జెనీవాలో మానవ హక్కుల మండలి పెట్టిన ప్రత్యేక సమావేశంలో, శ్రీలంక తనకు అనుకూలంగా తెచ్చిన తీర్మానానికి 29 ఓట్లు పడ్డాయి. వాటిలో ఒకటి భారత్‌ది.

శ్రీలంకపై అదే మండలిలో తర్వాతి మూడు ఓట్లను వరుసగా చూడండి. 2012 మార్చి 22న అమెరికా తెచ్చిన తీర్మానానికి భారత్ అవునంది. కానీ ఐరాస ఇచ్చే సలహా సాయం శ్రీలంక ప్రభుత్వ సమ్మతితోనే ఉండాలన్న మాట అందులో చేర్పించింది. 2013లో మళ్లీ అవునంది, ఆ మార్చిలోనే డీఎంకే కేంద్రానికి మద్దతు ఉపసంహరించుకుంది. 2014లో అంతర్జాతీయ దర్యాప్తు ప్రస్తావన రాగానే తటస్థంగా జరిగిపోయింది. అలా దూరంగా ఉండటం తర్వాతి ఏళ్లలో అలవాటైంది. బయటివాళ్లు వచ్చి ఒక దేశంలో దర్యాప్తు జరిపే సంప్రదాయానికి భారత్ భయపడుతుంది, ఆ భయం వెనుక కశ్మీర్ ఉంది. పక్కన శ్రీలంకలోని హంబన్‌తోట రేవులో చైనా ఉంది. ఈ కారణాలన్నీ నిజమే. అయినా ఆ యుద్ధంలో తప్పిపోయిన కొడుకు ఫొటో పట్టుకుని ఏళ్ల తరబడి రోడ్డు పక్కన కూర్చున్న తల్లికి వీటిలో ఏ ఒక్కటీ జవాబు కాదు.

ఎన్నూరు నుంచి తూర్పున సముద్రం దాటితే మయన్మార్, అంటే నాటి బర్మా. అక్కడ 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్లీ అధికారం లాక్కుంది, అది అంతర్యుద్ధంగా మారింది. మార్చి 27న నేపిడాలో సైనిక దినోత్సవ కవాతుకు ఎనిమిది దేశాలు ప్రతినిధుల్ని పంపాయి, వాటిలో భారత్ ఉంది. ఆ రోజే దేశవ్యాప్తంగా వందమందికి పైగా పౌరులు కాల్పుల్లో చనిపోయారు. ఆ కుర్చీ ఖాళీగా ఉంచితే మనకు పోయేదేమీ లేదని ఇప్పటికీ అనుకుంటాను. జూన్ 18న జనరల్ అసెంబ్లీ తీర్మానానికి 119 దేశాలు అవునంటే భారత్ దూరంగా ఉంది. 2022 డిసెంబరు 21న భద్రతా మండలి తీర్మానం 12 ఓట్లతో నెగ్గింది. తటస్థంగా ఉన్న మూడూ చైనా, రష్యా, భారత్. ఆ నెల మండలి అధ్యక్షత కూడా మనదే. ఈశాన్యంలోని సాయుధ గ్రూపులపై మయన్మార్ సైన్యం సాయం, మయన్మార్ మీదుగా కలదాన్ రవాణా మార్గం, చైనా పోటీ, ఇవీ ఢిల్లీ చెప్పే కారణాలు. ఇందులో 1964 నాటి లెక్కే ఉంది, పెకింగ్ పేరు బీజింగ్‌గా మారింది.

కానీ ఈసారి సరిహద్దు రాష్ట్రం ఒకటి ఎదురు మాట్లాడింది. పారిపోయి వచ్చేవాళ్లను ఆపి వెనక్కి పంపండని 2021 మార్చి 10న కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. మిజోరం ముఖ్యమంత్రి జోరంథంగా 18న ప్రధానికి బదులు రాశారు. వచ్చినవాళ్లు మా చిన్ సోదరులు, వాళ్లను తరమలేం అన్నది దాని సారం. చర్చిలు, ఊళ్లు చందాలు వేసుకుని వేలమందికి అన్నం పెట్టాయి. భారతదేశపు మయన్మార్ విధానంలో నాకు గౌరవం కలిగించిన భాగం ఐరాసలో జరగలేదు, మిజోరం రాజధాని ఐజ్వాల్‌లో జరిగింది.

భారత్‌కు శరణార్థుల చట్టం లేదు. 1951 నాటి ఐరాస ఒడంబడికపై సంతకమూ చేయలేదు. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన కోటిమందికి అన్నం పెట్టిన దేశమే ఇది. ఆ డిసెంబరు 6న బంగ్లాదేశ్‌ను గుర్తించి, ప్రపంచ పటాన్నే మార్చింది. అయినా వచ్చినవారి స్థితి ఆ రోజు అధికారంలో ఉన్నవాళ్ల దయ మీదే ఆధారపడుతోంది. చట్టం లేకపోవడం ప్రభుత్వానికి వెసులుబాటు. శిబిరంలో ఉన్న మనిషికి అదే జీవితకాలపు అనిశ్చితి.

ఎన్నూరు నుంచి ఉత్తరానికి, ఆంధ్ర సరిహద్దు వైపు వెళ్తే గుమ్మిడిపూండిలో శ్రీలంక తమిళుల శిబిరం ఉంది. నైరుతి వైపు పుళల్‌లో మరొకటి. తమిళనాడులో ఇలాంటివి వందకు పైగా, వాటిలో సుమారు 58 వేల మంది. 1983లో వచ్చినవాళ్ల మనవలు ఇప్పుడు డిగ్రీలు చదువుతున్నారు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం వీటికి పునరావాస శిబిరాలని పేరు మార్చి, ఇళ్లు కట్టించే పని మొదలుపెట్టింది. పౌరసత్వం మాత్రం కేంద్రం చేతిలోది. 2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్‌ల నుంచి వచ్చిన ముస్లిమేతరులకే వర్తిస్తుంది. శ్రీలంక అందులో లేదు.

1987 జులై 1కి ముందు భారత గడ్డపై పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులు. ఆ తర్వాత పుడితే తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి, 2004 డిసెంబరు తర్వాత పుట్టినవారికి షరతులు ఇంకా బిగిశాయి.  1986లో మండపం శిబిరంలో పుట్టిన ఒక మహిళ ఈ నిబంధన ఆధారంగా కోర్టుకెళ్లారు. ఆమెకు పాస్‌పోర్టు ఇవ్వాలని 2022లో మద్రాసు హైకోర్టు ఆదేశించింది. 2024 ఎన్నికల్లో ఆమె ఓటేశారు. అదే శిబిరంలో ఆమె తర్వాత రెండేళ్లకు పుట్టినవాళ్లకు ఆ దారి లేదు. 2025 సెప్టెంబరులో కేంద్రం, 2015 జనవరి 9లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు అక్రమ వలస శిక్షల నుంచి మినహాయింపు ఇచ్చింది. ఇది మంచి అడుగే. ఇక మిగిలింది వాళ్లలో పౌరసత్వం కోరుకునేవారి దరఖాస్తులు తీసుకోవడం. దానికి ఐరాసలో ఏ దేశపు ఓటూ అక్కర్లేదు, ఏ పొరుగుదేశపు అనుమతీ అక్కర్లేదు.